అల్లరి పిల్లల టీచర్‌కు ఏది మేలు: మూడు రోజుల వర్క్‌షాపా, ఫోన్ కోర్సా, గదికి వచ్చి నేర్పే మనిషా?

జూన్‌లో బళ్లు తెరిచిన మొదటి రెండు వారాలు ఎల్‌కేజీ గది ఎలా ఉంటుందో అందులో నిలబడ్డవాళ్లకే తెలుసు. ఒకడు గుమ్మం పట్టుకుని ఏడుస్తుంటాడు. ఒక పిల్ల పక్కపిల్ల చెయ్యి కొరుకుతుంది. ఇంకొకడు బ్లాకులు గది నిండా విసిరేస్తాడు. టీచర్‌గా వచ్చిన అమ్మాయి డిగ్రీ అయిపోయి ఇదే మొదటి ఉద్యోగంలో చేరి ఉంటుంది. సాయంత్రానికి గొంతు పోతుంది, నెల తిరిగేసరికి చేతిలోకి స్కేలు వస్తుంది. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు చిన్న ప్రైవేటు బళ్లు నడిపేవాళ్లూ, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లూ నన్ను తరచూ అడిగేది ఒకటే: ‘ఉన్న డబ్బుతో మా టీచర్లకు ఏ ట్రైనింగ్ పెట్టిస్తే మేలండీ?’

నా జవాబు ముందే చెప్పేస్తాను. డబ్బూ సమయమూ తక్కువైతే మూడు రోజుల వర్క్‌షాప్‌ను ఎడంగా పెట్టే ఒకటి రెండు రోజులకు కుదించండి. మిగిలిన డబ్బుతో పని తెలిసిన మనిషిని టీచర్ గదికి పంపండి. ఫోన్ కోర్సు ఈ రెండింటికీ తోడుగా ఉండాలి తప్ప వాటి స్థానంలో కాదు.

అసలు నేర్పాల్సింది ఏమిటన్నది తేలితేనే ఈ జవాబు అర్థమవుతుంది. ఈ వయసు పిల్లలు కొట్టుకోవడం, లాక్కోవడం, నేల మీద పడి దొర్లడం రోగం కాదు. ఇంట్లో పెంపకం బాగోలేదనడానికి గుర్తూ కాదు. కోపాన్ని ఆపుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కావలసింది మాటల్లో అడగడం మూడు నాలుగేళ్ల పిల్లలు ఇంకా నేర్చుకుంటున్న పనులు. వాళ్లకు అవి నేర్పాలంటే టీచర్‌కు కొన్ని అలవాట్లు కావాలి. రోజూ ఒకే వరుసలో నడిచే దినచర్య ఉండాలి. నియమాలు నాలుగైదుకు మించకూడదు, వాటిని నోటితో చెప్పి ఊరుకోకుండా పిల్లల చేత చేయించాలి. వట్టి ‘గుడ్ బాయ్’ కాకుండా ‘బొమ్మ చెల్లికి ఇచ్చావు, చాలా బాగుంది’ అని చేసిన పనిని చెప్పి మెచ్చుకోవాలి. ఎవరికీ దెబ్బ తగలని చిన్న అల్లరిని చూసీ చూడనట్టు వదిలేయాలి. కొట్టిన పిల్లను అరవకుండా పక్కకు తెచ్చి, తక్కువ మాటలతో ఆపాలి. వింటే అన్నీ తేలికగానే ఉంటాయి. ఇరవై ఐదు మంది ఉన్న గదిలో ఒకడు ఏడుస్తుంటే, ఇంకొకడు ‘టీచర్, బాత్రూమ్’ అని కొంగు లాగుతుంటే ఇవి చేయడం చాలా కష్టం. ఏ ట్రైనింగ్ ఎంత పనికొస్తుందో ఆ కష్టం దగ్గరే తేలుతుంది.

వర్క్‌షాప్ సంగతి చూద్దాం. మండల కేంద్రంలోనో ప్రాజెక్టు ఆఫీసులోనో హాలు, ప్రొజెక్టర్, మధ్యాహ్నం భోజనం, వరసగా మూడు రోజులు. కేంద్ర ప్రభుత్వం 2023 మేలో మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కింద అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చేదీ ఇలా మూడు రోజుల శిక్షణే. ఆ మూడు రోజుల్లోనే చదువూ చెప్పాలి, పోషణా చెప్పాలి. పిల్లల ప్రవర్తనకు దక్కే సమయం ఎంతో ఊహించుకోవచ్చు.

అలాగని నేను వర్క్‌షాప్‌ను తక్కువ చేయను. లంక గ్రామంలో ఒక ఆయాతో అంగన్‌వాడీ కేంద్రం నడుపుకొచ్చే టీచర్‌కు తనలాంటి వాళ్లతో కూర్చుని ‘మా దగ్గరా ఇదే గొడవండీ’ అని వినే అవకాశం ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? ఆ మాటతోనే సగం టెన్షన్ దిగిపోతుంది. ‘పోలీసుకు పట్టిస్తా’, ‘సూది వేయిస్తా’ అని బెదిరిస్తే ఆ పూటకు గది సద్దుమణిగినా పిల్లలకు బడి అంటేనే భయం పట్టుకుంటుందని నలుగురిలో మాట్లాడుకోవడానికి వర్క్‌షాప్‌ను మించిన చోటు లేదు. ఒక టీచర్ అల్లరి పిల్లాడి వేషం వేసి, ఇంకో టీచర్ అతన్ని సముదాయించి చూపితే అందరికీ గుర్తుండిపోతుంది.

లోపం ఎక్కడంటే, ఆ హాల్లో పిల్లలుండరు. సోమవారం కేంద్రం తెరిచాక మొదటి గంటలోనే హాల్లో రాని సమస్య ఒకటి వస్తుంది, అడగడానికి ఎవరూ ఉండరు. మూడు రోజులూ వరసగా పెట్టేస్తే ‘ఇలా చేసి చూశాను, కుదరలేదు’ అని తిరిగొచ్చి చెప్పే వీలూ ఉండదు. అమెరికాలో టీచర్ల శిక్షణ మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల మొదట్లోనే ఈ మాట అన్నారు: వివరించినా, చేసి చూపినా, సాధన చేయించినా, తరువాత తరగతిలో తోడు లేకపోతే టీచర్ నేర్చుకున్నది ఆమె పనిలోకి రావడం కష్టం. అందుకే వర్క్‌షాప్ పెట్టించేవాళ్లకు నేను చెప్పేది, మూడు రోజులూ ఉంచుకోవాలనుకుంటే వాటిని రెండేసి నెలల ఎడంతో విడదీయమని. ఖర్చు ఏమంత పెరగదు, ఫలితంలో తేడా మాత్రం కనిపిస్తుంది.

ఫోన్ కోర్సు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చవక, ఎప్పుడైనా చూసుకోవచ్చు, నచ్చిన వీడియో మళ్లీ మళ్లీ చూడొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు 6 నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంటూ రెండింటినీ డీటీహెచ్ చానళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారానే ఊహించింది. అయితే అదే విధానం నెలకు ఒక్కసారైనా ముఖాముఖి తరగతి ఉండాలంది. ఆ షరతు లేకుండా వట్టి ఫోన్ కోర్సు పెట్టినచోట ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో నింపాల్సిన వివరాలు, ఫొటోలు, గ్రూపు మెసేజీలు అన్నీ ఆ ఫోన్‌లోనే. రాత్రి వంట చేసుకుంటూ వీడియో ఆన్ చేసి పక్కన పెడతారు, సర్టిఫికెట్ వస్తుంది. వాళ్లను తప్పుపట్టను, రోజంతా పనిచేసిన మనిషికి అంతకన్నా ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా వీడియోలో పిల్లాడు రెండు నిమిషాల్లో ఊరుకుంటాడు, గదిలోని పిల్లాడు ఊరుకోడు. అప్పుడు టీచర్ ‘ఇదంతా మనకు పనికిరాదు’ అనేసుకుంటుంది. శిక్షణ మీదే నమ్మకం పోవడం నాకు పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

ఇక మూడోది, నేను గట్టిగా నిలబడేది. తెలిసిన మనిషి గదికి వచ్చి, ఒక పూట వెనక కూర్చుని చూసి, పిల్లలు వెళ్లాక టీచర్‌తో అరగంట మాట్లాడటం. ఆ మనిషి ఏం చూస్తుందో చెబితే మీకే అర్థమవుతుంది.

మధ్యాహ్నం భోజనానికి ముందు పిల్లలందరినీ చేతులు కడగడానికి వరుసలో నిలబెట్టారనుకోండి. కుళాయి ఒక్కటే. ఆయా ఒక్కొక్కరికీ చేతులు కడుగుతోంది. వెనకున్న పిల్లలు చాలాసేపు ఊరికే నిలబడాలి, ఆకలి మీదున్నారు, ముందు గుడ్డు కనిపిస్తోంది. నెట్టుకుంటారు. ఒకడు ముందువాణ్ణి తోసేస్తాడు, వాడు పడి ఏడుస్తాడు. టీచర్ లెక్కలో అదంతా ఆ ఒక్క పిల్లాడి దుడుకుతనం. వెనక కూర్చున్న మనిషికి మాత్రం వరుస కనిపిస్తుంది. ‘రేపు అందరినీ చాప మీద కూర్చోబెట్టి పాట పాడించండి, నలుగురు నలుగుర్ని పిలవండి’ అంటుంది. తోపులాట చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పిల్లాడు మారలేదు, ఎదురుచూపు తగ్గింది. ఈ సంగతి ఏ హాల్లోనూ బయటపడదు. టీచర్ తనంతట తానుగా అడగదు, అది అడగాల్సిన విషయమని ఆమెకు తట్టనే తట్టదు.

ఇంకొక పని. వచ్చిన మనిషి కాగితం మీద ఆ పూట టీచర్ ఏ పిల్లాడి పేరు ఎన్నిసార్లు పిలిచిందో, ఎందుకు పిలిచిందో గీతలు గీస్తుంది. దాదాపు ప్రతి గదిలోనూ ఒకటి రెండు పేర్లే అస్తమానం వినపడతాయి, అన్నీ మందలింపులే. ఆ పిల్లాడు బ్లాకులు విసిరినప్పుడల్లా టీచర్ వాడి దగ్గరకు వెళ్లింది, బుద్ధిగా కట్టుకుంటున్నప్పుడు ఒక్కసారీ వెళ్లలేదు. విసిరితే టీచర్ వస్తుందని వాడికి తెలిసిపోయింది. ఆ కాగితం చూపిస్తే వాదన అక్కర్లేదు, చాలామంది టీచర్లు మర్నాడే మారతారు. ఈ మార్పు కళ్లారా చూసిన తరువాత నాకు డబ్బంతా వర్క్‌షాపుల మీదే ఖర్చు పెట్టమని చెప్పడానికి నోరు రావడం లేదు.

ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 76 ప్రీస్కూళ్లలో పరిశోధకురాలు హెలెన్ బేకర్-హెనింగ్‌హామ్ బృందం ఒక కార్యక్రమాన్ని పరీక్షించింది. ఐదు ఒకరోజు వర్క్‌షాపులు, ఒక్కో టీచర్‌కు గదిలోనే ఎనిమిదిసార్లు గంటసేపు సాయం, రెండు వారాలకొకసారి ఫోన్‌కు మెసేజ్. శిక్షణ పొందిన టీచర్లు పిల్లల్ని కొట్టడం, కించపరచడం బాగా తగ్గింది, ఏడాది తరువాత చూసినా ఆ తేడా నిలిచింది. అక్కడివీ ఆటబొమ్మలు తక్కువ, పిల్లలు ఎక్కువ ఉన్న గదులే. మనకు ఆ ఫలితం ముఖ్యం, ఎందుకంటే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించినా, ఆ చట్టం ప్రధానంగా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. అంతకన్నా చిన్నవాళ్ల గదిలో స్కేలు కింద పెట్టించేది టీచర్ చేతికి దొరికిన వేరే దారే.

గదికి వచ్చే పద్ధతికీ ఇబ్బందులున్నాయి. అందులో పెద్దది, వచ్చేదెవరు? సూపర్‌వైజర్ అయితే టీచర్‌కు అది తనిఖీ. రిజిస్టర్లు సర్దుకుంటుంది, పిల్లలకు ‘నోటి మీద వేలు’ చెబుతుంది, ఆ పూట అసలు గది కనిపించదు. ప్రైవేటు బడిలో కరస్పాండెంట్ కూర్చున్నా అంతే. తప్పులు రాసుకుని జీతం, ఇంక్రిమెంట్ తేల్చే మనిషి, నేర్పే మనిషి ఒకరే కాకూడదు. పక్క ఊళ్లో బాగా నడిపిస్తున్న సీనియర్ టీచర్‌ను పంపండి, ఆమెకు ఆటో ఖర్చూ, ఆ పూట భత్యమూ ఇవ్వండి. ‘అక్కా, వీడితో నా వల్ల కావట్లేదు’ అని టీచర్ అనగలిగేది అలాంటి మనిషితోనే.

అలాంటి మనిషి పిల్లాడి ఇంటి సంగతీ పట్టించుకుంటుంది. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో తల్లి కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనికి వెళ్లి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు చాలా ఊళ్లలో ఉన్నారు. తల్లి వెళ్లిన వారంలోనే పిల్లాడు కొరకడం మొదలుపెడితే ఆ పిల్లాడికి శిక్ష కాదు, ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషి కావాలి. అమ్మమ్మతో మాట్లాడమని టీచర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్క హెచ్చరిక. ఏ ట్రైనింగ్‌తోనూ సరికాని పిల్లలు కొందరు ఉంటారు. పిలిస్తే పలకని, వయసుకు తగ్గ మాటలు రాని, కళ్లలోకి చూడని పిల్లాణ్ణి మొండివాడని ముద్ర వేయొద్దు. వినికిడి లోపం కావచ్చు, ఎదుగుదలలో తేడా కావచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసి, అవసరమైతే జిల్లా స్థాయి వైద్య కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. వచ్చే డాక్టర్ బృందానికి చూపించాల్సిన పిల్లల పేర్లు ముందే రాసి పెట్టుకోమనడం ట్రైనింగ్‌లో భాగం కావాలి.

మన డెల్టాకు తగ్గట్టు వరుస ఇలా పెట్టుకోవచ్చు. జూన్ ఆఖర్లో ఒక్క రోజు వర్క్‌షాప్. జులై మొదట్లోనే, గోదావరికి వరద రాకముందే, ప్రతి గదికీ మొదటి సందర్శన. ఆగస్టులో పంట్లు (రేవు దాటించే పడవలు) ఆగి లంకల్లోకి వెళ్లలేని రోజుల్లో ఫోన్‌లో చిన్న వాయిస్ మెసేజ్, వారానికి ఒకే ఒక్క విషయం. వరదలప్పుడు కేంద్రాలు మూతపడి తెరిచిన వారంలో పిల్లలు మళ్లీ మొదటికొస్తారు, ఆ వారంలో వీలైతే ఒకసారి వెళ్లాలి. దసరా తరువాత రెండు సందర్శనలు. సంక్రాంతి సెలవుల తరువాత ఇంకొక రోజు వర్క్‌షాప్, అందులో ట్రైనర్ మాట్లాడటం తగ్గించి, ఎవరి గదిలో ఏది కుదిరిందో టీచర్లనే చెప్పనివ్వాలి.