సకినం కొరికితే విరిగిన పన్ను, హన్మకొండలో సరిచేయించుకున్నా

సంక్రాంతికి అమ్మమ్మ చేసిన సకినాలు కొరుకుతుంటే ముందు పన్ను మూల టక్కున లేచిపోయింది, దాని పక్క పన్ను చిన్నప్పట్నుంచే కొంచెం పొడుగు, ఇక నవ్వితే ఎట్లుంటదో మీరే ఊహించుకోండి. మా ఇంటి దగ్గరున్న చిన్న క్లినిక్‌కే పోయినా.

డాక్టరమ్మ ముందు ఎక్స్‌రే తీసి నరం దాకా పోలేదు, క్యాప్ అవసరం లేదని చెప్పింది, ఆ ఒక్క మాటకే సగం మార్కులు ఇచ్చేసిన, ఎందుకంటే అంతకుముందు ఇంకోచోట చూడకుండానే క్యాప్ అన్నారు. పొడుగు పన్నుని సన్నటి డిస్కుతో కొంచెం కొంచెం అరగదీసింది, ఇంజెక్షన్ లేదు, నొప్పి లేదు, కానీ ఆ గుర్రుమనే సౌండ్ మాత్రం తల లోపల మోగుతది బాబోయ్. ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్ళీ పెరగదు కాబట్టి ఎక్కువ తీయనని, సరిపోయిందా అని ప్రతిసారీ అద్దం చూపించింది. విరిగిన దానికి నా పంటి రంగుకి కలిసే కాంపోజిట్ అనే ఫిల్లింగ్ ముద్ద పెట్టి నీలం లైటుతో గట్టిపరిచి పాలిష్ చేసింది. గంటలోపే అయిపోయింది, రెండింటికీ కలిపి 3000.

వెయిటింగే దారుణం, ఆరింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఏడున్నరకి పిలిచారు, ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు. రెండ్రోజులు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంది, తర్వాత పోయింది. కాంపోజిట్‌కి చాయ్ మరకలు పడతాయట, అది కొన్నేళ్ళకి మళ్ళీ చేయించుకోవాల్సి రావచ్చట. చాయ్ మానేయడం నావల్ల కాదు గానీ సకినాలు ఇప్పుడు విరుచుకుని వెనక పళ్ళతో తింటున్నా.