ఫైటర్ ఆదాయానికి ఏది మేలు: కంపెనీ యూనిఫామా, సొంత స్పాన్సర్లా?

హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లల్లో కొందరి చూపు ఇప్పుడు ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ వంటి పద్ధతులన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) వైపు మళ్లింది. 2024 జూన్‌లో పూజా తోమర్ అమెరికాకు చెందిన పెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీలో బౌట్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన తరువాత వారి తల్లిదండ్రులూ కోచ్‌లూ నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. అందరికీ ఒకే కంపెనీ దుస్తులు తొడిగి, నిర్ణీత మొత్తం చెల్లించే సంస్థలో చేరడం మంచిదా, లేక ఫైటర్ తన స్పాన్సర్లను తానే తెచ్చుకోగలిగే చోట ఆడడం మంచిదా?

మొదటి పద్ధతికి యూఎఫ్‌సీ పెద్ద ఉదాహరణ. 2014 డిసెంబరులో ప్రకటించి 2015 జూలైలో అమలులోకి తెచ్చిన ఒప్పందంతో క్రీడాదుస్తుల కంపెనీ రీబాక్ యూనిఫామే అందరికీ తప్పనిసరి అయి, షార్ట్స్ మీద, కేజ్‌లో (పోటీ జరిగే కంచె బరిలో) ఫైటర్ వెనుక పట్టుకునే బ్యానర్ మీద సొంత స్పాన్సర్ల పేర్లకు చోటు లేకుండా పోయింది. బదులుగా ఆడిన బౌట్ల సంఖ్యను బట్టి అంచెలు పెట్టారు. ఐదు బౌట్ల వరకు ఆడినవారికి బౌట్‌కు 2,500 డాలర్లు, చాంపియన్‌కు 40,000 డాలర్లు. 2021 ఏప్రిల్‌లో రీబాక్ స్థానంలోకి వెనమ్ అనే మరో దుస్తుల కంపెనీ వచ్చాక మొదటి మూడు బౌట్లకు ఆ మొత్తం 4,000 అయింది, చాంపియన్‌కు 42,000 అయింది.

ఈ పద్ధతిలోని మేలును తక్కువ చేయను. స్పాన్సర్ ఎగ్గొడతాడన్న భయం ఉండదు, మేనేజర్‌కు పరిచయాలు లేకపోయినా డబ్బు వస్తుంది. పైగా అంతకు ముందున్న కాలం కూడా పూర్తి స్వేచ్ఛాకాలమేమీ కాదు. ఫైటర్ దుస్తుల మీద కనిపించాలంటే స్పాన్సర్ ముందుగా సంస్థకే రుసుము కట్టాలన్న నిబంధన 2009 నుంచే ఉండడంతో చిన్న వ్యాపారులు అప్పుడే తప్పుకున్నారు. అయినా పేరున్నవారికి నష్టం తీవ్రంగానే జరిగింది. స్పాన్సర్ల ద్వారా బౌట్‌కు లక్ష డాలర్లకు పైగా వచ్చేదని, రీబాక్ లెక్కన తనకు 10,000 మాత్రమే వస్తుందని యూఎఫ్‌సీ ఫైటర్ బ్రెండన్ షాబ్ 2015లో బహిరంగంగానే చెప్పాడు.

అయితే మన పిల్లల విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ మొత్తం ఎంత అన్నది కాదు, అది ఎప్పుడు వస్తుందన్నది. యూనిఫామ్ డబ్బు బౌట్ ఆడితేనే వస్తుంది. ఏడాదికి రెండు బౌట్లు దొరికిన కొత్త ఫైటర్‌కు వెనమ్ పట్టిక ప్రకారం 8,000 డాలర్లు, అంటే 2024 నాటి మారకం రేటున సుమారు 6 లక్షల 60 వేల రూపాయలు వస్తాయి. మోకాలి లిగమెంట్ తెగి ఏడాదంతా మంచం మీద ఉంటే ఒక్క రూపాయి కూడా రాదు. కోచ్ ఫీజు, ఆహారం, ఫిజియోథెరపీ, స్పారింగ్ (తోటి ఫైటర్లతో సాధన బౌట్లు) కోసం వేరే నగరంలో ఉండడానికి అయ్యే ఖర్చు మాత్రం నెలనెలా ఉంటూనే ఉంటాయి. ఈ నెలవారీ ఖర్చును భరించగలిగేది సొంత స్పాన్సరే. మా వైపు అతను కరీంనగర్ గ్రానైట్ వ్యాపారి కావచ్చు, నిజామాబాద్ పసుపు వ్యాపారి కావచ్చు, హనుమకొండలో కోచింగ్ సెంటర్ నడిపేవారు కావచ్చు. మన ఊరి బిడ్డ అన్న అభిమానం వారికి నిజంగానే ఉంటుంది, కానీ ఏడాది పొడవునా డబ్బు ఇవ్వడానికి వ్యాపారపరంగా కారణం కూడా కావాలి. టీవీలో వచ్చే ఆ పదిహేను నిమిషాల్లో తమ పేరు కనిపించడమే ఆ కారణం. అది కాస్తా మూసుకుపోతే, చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించి చప్పట్లు కొట్టడం వరకే వారి సాయం ఆగిపోతుంది. అందువల్ల యూనిఫామ్ ఒప్పందం వల్ల పోయేది బౌట్ రోజు ఆదాయం ఒక్కటే కాదు, మిగిలిన పదకొండు నెలల ఆదాయం కూడా. ఆ పట్టిక బౌట్లను లెక్కిస్తుంది తప్ప ఫైటర్ వెనుక ఉన్న జిల్లా అభిమానాన్ని లెక్కించదు. నేను సొంత స్పాన్సర్ల వైపే మొగ్గుతున్నానంటే కారణం ఇదే.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో షార్ట్స్ మీద చోటును బాక్సరే అమ్ముకోవచ్చు, కానీ మన దేశంలో అలాంటి పోటీలు చాలా తక్కువ. ప్రభుత్వోద్యోగం మరో దారి. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2024లో డీఎస్పీ ఉద్యోగం దక్కింది, అయితే అది రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన తరువాత.

పెద్ద సంస్థ నుంచి పిలుపు వస్తే దుస్తుల నిబంధన కోసం దాన్ని వదులుకొమ్మని ఎవరికీ చెప్పను. సంతకానికి ముందు మేనేజర్ చేత రెండు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పోటీ జరిగే వారం తప్ప మిగిలిన రోజుల్లో జిమ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంత స్పాన్సర్ పేరు వాడుకోవచ్చా? ఫైటర్ పేరుతో అమ్మే దుస్తుల మీద రాయల్టీ ఎంత? రీబాక్ కాలంలో అది 20 నుంచి 30 శాతంగా ప్రకటించారు. స్థానిక స్పాన్సర్‌తో ఒప్పందాన్ని బౌట్‌కు ఇంత అని కాకుండా, పన్నెండు నెలల శిక్షణకు నెలకు ఇంత అని, గాయపడినా చెల్లించేలా రాయించుకోవాలి.