చిక్కడపల్లా, మాదాపూరా?

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్న మా చెల్లెలికి ముందు చిక్కడపల్లే చెప్పాను. పొద్దున్నే గ్రంథాలయం గేటు దగ్గర గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. సాయంత్రం త్యాగరాయ గానసభ మెట్లెక్కితే పాటో, నాటకమో, సన్మానమో. పాత డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, అది బాధే. అయినా ముగ్గు పోలేదు. వాకిలి లేకపోతే సెల్లార్ వాలు మీదే పెడుతున్నారు. అది చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం వచ్చాక రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన కూడా వచ్చింది. చెల్లెలి ఆఫీసుకు దగ్గరే, నిజం. కానీ పక్కింటివాళ్ల పేరు తెలిసేలోపే ఖాళీ చేసేస్తారు.

మెట్రో రెండుచోట్లా ఉంది, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారాలి. వారానికి రెండ్రోజులే ఆఫీసైతే చిక్కడపల్లి. రోజూ అయితే మాదాపూరే తీసుకోమన్నాను.