సుంకి ఘాటీలో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు

నా రేసు సైకిల్ ఫ్రేము గురించీ గేర్ల గురించీ రాయను, ఆ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. బ్రేకుల గురించే రాస్తాను. నలభై రెండో ఏట రేసులు మొదలుపెట్టి ఇప్పటికీ అందులో ఉన్నానంటే అది వాటి పుణ్యమే.

మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. సాలూరు వైపు 26వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కుందులి, పొట్టంగి దాటాక సుంకి ఘాటీ వస్తుంది. నా ప్రాక్టీసంతా అక్కడే. పొద్దున్నే దిగడం, సాలూరులో టీ తాగి మళ్లీ ఎక్కడం. ఎక్కడమంటే నాకెప్పుడూ భయం లేదు, కొండల్లో పెరిగినదాన్ని. దిగడమే ప్రాణం తీసేది. పాత సైకిల్‌కు రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును రెండు వైపులా రబ్బరు షూలతో నొక్కి ఆపేవి. నా చేతులు చిన్నవి, హ్యాండిల్ వంపులో పట్టుకుంటే వేళ్ల కొసలు మాత్రమే లీవరుకు అందేవి. కిందికి వచ్చేసరికి బొటనవేళ్లు తిమ్మిరెక్కి, నీళ్ల సీసా మూత తీయడం కూడా చేతనయ్యేది కాదు. వానలో అయితే రబ్బరు షూ ముందు రిమ్ము మీది నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. మలుపులో ఆ ఒక్క క్షణమే చాలా పెద్దది. చిన్న రేసుల్లో ఆడవాళ్లందరినీ వయసుతో పని లేకుండా ఒకే బ్యాచ్‌లో వదులుతారు. ఎక్కేటప్పుడు నేను దాటిన పిల్లలు దిగేటప్పుడు నా పక్క నుంచి దూసుకుపోయేవాళ్లు.

హైడ్రాలిక్ డిస్కులకు మారాక మొదటి దిగుడులోనే తేడా చేతికి తెలిసింది. లీవరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లీవరు హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. ఇక రెండు వేళ్లు చాలు. లీవరు నొక్కితే గొట్టంలోని నూనె పిస్టన్లను తోస్తుంది, అవి ప్యాడ్లను చక్రం మధ్యలో ఉండే లోహపు డిస్కుకు అదుముతాయి. ఒకసారి డిసెంబరు పొగమంచులో, మలుపు తిరగ్గానే అల్లం బస్తాల లారీ ఒకటి టైరు పంక్చరై రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. నా వెనక చక్రం కాస్త జారింది, అంతే. లారీ పలకకు మూరెడు దూరంలో ఆగాను. పాత బ్రేకులతో ఆగేదాన్ని కాదని నాకు గట్టి నమ్మకం.

రోడ్డు రేసుల్లో డిస్కులకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పూర్తి అనుమతి ఇచ్చింది 2018 జులైలో. అంతకుముందు డిస్కు అంచులు కోసుకుంటాయని, చక్రం మార్చడం ఆలస్యమవుతుందని పెద్ద గొడవే నడిచింది. చిన్న చేతులున్నవాళ్ల మాట ఆ గొడవలో నాకెక్కడా కనిపించలేదు.

ఇక బాధపెట్టిన సంగతి. ఒక వానాకాలం తర్వాత ముందు బ్రేకు లీవరు మెత్తబడింది, నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. నూనె గొట్టంలో గాలి చేరితే ఇలాగే అవుతుంది. మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసేవాళ్లు డిస్కు చూడగానే చేతులెత్తేశారు. నేను స్కూల్లో ఉండగా మా మరిది, వదినకు సాయం చేద్దామని, సైకిల్‌ను ఒక మోటారు సైకిళ్ల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి పని అయిపోయింది. “బ్రేకాయిల్ తగ్గిపోయింది టీచరమ్మా, నిండా పోసేశాను. ఇంక ఏడాది దాకా చూడక్కర్లేదు” అన్నాడు మెకానిక్. లీవరు నిజంగానే రాయిలా గట్టిగా ఉంది.

అతను పోసింది మోటారు సైకిల్ బ్రేకాయిల్, డాట్ 4. నా బ్రేకులకు మినరల్ ఆయిల్ తప్ప ఇంకేదీ పొయ్యకూడదు. కొన్ని కంపెనీలు డాట్ వాడతాయి, కొన్ని మినరల్ వాడతాయి. చూడ్డానికి రెండూ నూనెలే, కానీ మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు డాట్ తగిలితే ఉబ్బిపోతాయి. ఉబ్బిన సీలు పిస్టన్‌ను వెనక్కి రానివ్వదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక ఆదివారం ఘాటీ సగం దిగాక నేను లీవరు వదిలాను, బ్రేకు మాత్రం వదల్లేదు. కాలిన వాసన. దిగి ముందు చక్రం ఎత్తి తిప్పితే పావు చుట్టు కూడా తిరగలేదు, డిస్కు మీద నీలం రంగు చారలు. చక్రం విప్పి చేత్తో పట్టుకుని, సాలూరు నుంచి పైకి వస్తున్న బస్సు ఆపితే కండక్టరు సైకిల్‌ను టాపు మీద వేయించాడు.

విశాఖలో సైకిళ్ల షాపువాళ్లు విప్పి చూసి, ఇది కడిగితే పోయేది కాదన్నారు. రోడ్డు సైకిల్‌కు బ్రేకు లీవరూ గేరు లీవరూ ఒకే ముక్క. గేరు ఎంత బాగున్నా ఆ ముక్క మొత్తం మార్చాలి, డిస్కును నొక్కే పిస్టన్లుండే కాలిపర్, గొట్టం అదనం. విడిభాగాలు వచ్చేలోపు నేను ఏడాదంతా ఎదురుచూసిన ఘాట్ రేసు అయిపోయింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. మెకానిక్ మీద కోపం లేదు, అతను తనకు తెలిసినంతలో మంచే చేశాడు. ఇంత ఖరీదైన లీవరు మీద ఏ నూనె పొయ్యాలో కంటికి కనిపించేలా ఎందుకు రాయరన్నదే నా గొడవ.

ఇప్పుడు రెండు లీవర్ల మీదా తెల్ల టేపు అంటించి, ఒకదాని మీద ఒడియాలో, ఇంకోదాని మీద తెలుగులో ‘మినరల్ ఆయిల్ మాత్రమే’ అని రాసిపెట్టాను. గాలి తీసే సిరంజి, గరాటు, ఆయిల్ సీసా ఇంట్లోనే ఉన్నాయి, ఆ పని నేనే నేర్చుకున్నాను. ఈ బ్రేకులకు పనే ఉండదని మొదట్లో స్టాఫ్‌రూంలో చెప్పేదాన్ని. ఇప్పుడు పని తక్కువ అంటున్నాను, అదీ వానలు లేనప్పుడు. జులై, ఆగస్టుల్లో ఎర్రమట్టి నీళ్లు ప్యాడ్లను అరగదీసేస్తాయి. రెజిన్ అనే జిగురు పదార్థంతో చేసిన ప్యాడ్లు మరీ త్వరగా పోతాయి, మందం అర మిల్లీమీటరుకు దిగితే మార్చాల్సిందే. లోహపు ప్యాడ్లు ఎక్కువ మన్నుతాయి గానీ తడిస్తే కీచుమంటూనే ఉంటాయి. పైగా డిస్కు మీద రెజిన్ మాత్రమే అని రాసి ఉంటే అవి వేయకూడదు. సైకిల్ బరువు కూడా పాతదానికన్నా ఎక్కువే, ఎక్కేటప్పుడు కాళ్లకు తెలుస్తుంది.

అయినా నేను రిమ్ బ్రేకులకు వెనక్కి వెళ్లను. నా చేతులు చిన్నవి, నా రోడ్డు ఘాటీ, విశాఖలో మా అక్క ఇల్లుంది కాబట్టి సైకిల్ అక్కడ వదిలి రాగలను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా లెక్క మారుతుంది. బరంపురం వైపు చదును రోడ్ల మీద రేసులాడేవాళ్లకు మంచి రిమ్ బ్రేకులు సరిపోతాయి. డిస్కే కావాలి, దగ్గర్లో షాపు లేదు అనుకుంటే కేబుల్‌తో నడిచే డిస్కు బ్రేకులు చూడండి. పట్టు కాస్త తక్కువ, బిగువు అప్పుడప్పుడు సరిచేసుకోవాలి, కానీ కేబుల్ తెగితే సిమిలిగుడలో కూడా అప్పటికప్పుడు మార్చి ఇస్తారు.