పాత రూట్ 66 మీద టికెట్ లేని బస్సు: ఒక ఆర్టీసీ డ్రైవర్ రివ్యూ

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టుకున్నవాణ్ని. ప్యాసింజరుగా కూర్చోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. బ్రేకు పడాల్సిన చోట నా కుడికాలు దానంతటదే నేలను తొక్కుతుంది, పక్కనుంచి మా ఆవిడ గిల్లుతుంది. అలాంటివాడు రాస్తున్న రివ్యూ ఇది. సీటు మెత్తగా ఉందా, ఏసీ చల్లగా ఉందా లాంటివి ఇందులో తక్కువే ఉంటాయి.

మా అమ్మాయి అమెరికాలో అల్బుకర్కీ అనే ఊళ్లో, న్యూ మెక్సికో యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దున్నే ల్యాబుకి వెళ్తే సాయంత్రం దాకా రాదు. కారు నాకిమ్మంటే "నాన్నా, ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, మీరు ఖాళీగా ఉండండి" అంది. మొదటి వారమంతా అపార్ట్‌మెంటు కిటికీలోంచి కొండల్ని చూస్తూ గడిపాం. ఆ కొండల పేరు శాండియా, స్పానిష్‌లో పుచ్చకాయ అని అర్థమట. సాయంత్రం ఎండ పడితే నిజంగానే కోసిన పుచ్చకాయ రంగులోకి వస్తాయి. అయినా కొండల్ని ఎన్నాళ్లని చూస్తాం? రెండో వారంలో అమ్మాయే చెప్పింది, నాలుగడుగులు వేస్తే సెంట్రల్ ఎవెన్యూ వస్తుంది, అమెరికాలో పేరుమోసిన పాత హైవే రూట్ 66 అదే, దాని మీద ఎక్స్‌ప్రెస్ బస్సులు తిరుగుతాయి, టికెట్ లేదు, ఎంతసేపైనా తిరగండి అని.

మా ఆవిడ ముందు నమ్మలేదు. "మన దగ్గర స్త్రీశక్తి ఉచిత బస్సు ఆడవాళ్లకే కదండీ, ఇక్కడ మీకు కూడానా?" అంది. నిజమే, ఆడా మగా తేడా లేదు, ఆధార్ చూపించే పనీ లేదు. ఊళ్లో బస్సులన్నీ ఇంతే. 2022లో ప్రయోగంగా మొదలుపెట్టి 2023లో ఖాయం చేశారు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్ లేదు, చిల్లర గొడవ లేదు, చెకింగ్ వాళ్లు ఎక్కుతారన్న టెన్షన్ లేదు. కండక్టర్ అసలే లేడు. దిగేవాళ్లందరూ మాత్రం వెనక తలుపు దగ్గర్నుంచి కూడా డ్రైవర్‌కి వినపడేలా "థాంక్యూ" అని అరిచి దిగుతారు. ముప్పై ఒక్క ఏళ్లలో నాకు ఆ మాట ఎన్నిసార్లు వినపడిందో వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు.

మొదటి రోజు తప్పు నాదే. అలవాటుకొద్దీ ఫుట్‌పాత్ పక్కన నిలబడి చెయ్యెత్తాను. బస్సు ఆగలేదు. డ్రైవరమ్మ నా వైపు చూసి, రోడ్డు మధ్యకి వేలు చూపించి వెళ్లిపోయింది. ఈ ఎక్స్‌ప్రెస్ బస్సులకి స్టేషన్లు రోడ్డు నడిమధ్యన ఉంటాయి. సిగ్నల్ దగ్గర దాటి అక్కడికి వెళ్లాలి. బస్సుకి రెండు పక్కలా తలుపులుంటాయి, మధ్య స్టేషన్లలో ఎడమవైపువి తెరుచుకుంటాయి. ప్లాట్‌ఫారం బస్సు నేల ఎత్తులోనే ఉంటుంది. మెట్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం దాటినట్టు దాటి లోపలికి వెళ్లింది. ఆ ఒక్కదానికే నేను రెండు స్టార్లు ఇచ్చేస్తాను.

ఇక్కడ ఒక ముచ్చట. బస్సుని ఎత్తైన ప్లాట్‌ఫారానికి ఆనించి ఆపడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలియదు. అరవై అడుగుల బండి, మధ్యలో మడత. మన హైదరాబాదులో ఒకప్పుడు తిరిగిన వెస్టిబ్యూల్ బస్సు గుర్తుందా, అదే రకం. ముందు చక్రం గీసుకోకూడదు, వెనక బండి దూరంగా ఉండిపోకూడదు. నేను ఎక్కిన ప్రతిసారీ వంగి సందు చూశాను. మా ఆవిడకి సిగ్గేసింది. మొదటి బస్సు సందు రెండు వేళ్లు. ముందు తలుపు దగ్గరా రెండే, వెనక తలుపు దగ్గరా రెండే. ఆ డ్రైవరమ్మకి దండం పెట్టాలి.

ఈ సర్వీసు మొదలైన కథ కూడా బస్సువాళ్లకి బాగా నచ్చుతుంది. ముందు బ్యాటరీ బస్సులు తెప్పించారు. ఒక్క ఛార్జింగ్‌తో చెప్పినంత దూరం పోలేదు, ఇంకా లోపాలు బయటపడ్డాయి. 2018లో నగరం వాటిని వద్దని తిప్పి పంపేసి డీజిల్ బస్సులకి ఆర్డరిచ్చింది. రోడ్డు తయారై, స్టేషన్లు తయారై, బస్సుల కోసం ఊరంతా ఎదురుచూసి, చివరికి 2019 నవంబర్ 30న మొదలైంది. మొదటి వారాల్లో కార్లవాళ్లు ఎడమ మలుపుల మీద పెట్టిన కొత్త నిబంధన మరిచిపోయి ఎడమకి తిప్పేసి బస్సుల ముందుకొచ్చి గుద్దుకున్నారట. విజయవాడలో బస్సులకి ప్రత్యేక లేన్లని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకి చివరికి ఆ పేరొక్కటే ఎలా మిగిలిందో చూసినవాణ్ని కనుక, ఇన్ని చిక్కులు దాటి బస్సు నిజంగా తన లేన్లో తను తిరుగుతుంటే ముచ్చటేసింది. పక్క లేన్లో కార్లు ఆగి ఉన్నా మన బండి పోతూనే ఉంటుంది.

ఇక హైవే సంగతి. అమెరికాలో పెద్ద రోడ్డు ఊరి పక్కకి మళ్లాక, ఊళ్లోంచి పోయే పాత రోడ్డుకి చాలాచోట్ల బిజినెస్ రూట్ అని బోర్డు పెడతారు. భోజనం, పెట్రోలు, పడక కావాలంటే ఇటు తిరగండి అని దానర్థం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖ వైపు డ్యూటీ పడితే ఏలూరు ఊరి నడిబొడ్డులోంచే పోయేవాళ్లం. ఏ హోటల్లో టీ బాగుంటుందో, ఏ పంక్చర్ షాపు రాత్రి తీసి ఉంటుందో బండికే తెలిసేది. బైపాస్ వచ్చాక ఆ షాపుల వాళ్ల మొహాలు చూడలేదు. అల్బుకర్కీకి బైపాస్ లాంటిది ఇంటర్‌స్టేట్ 40. రూట్ 66 అనే నంబరునే 1985లో జాబితాలోంచి కొట్టేశారు. అయినా సెంట్రల్ ఎవెన్యూ మీద హిస్టారిక్ రూట్ 66 బోర్డులున్నాయి, పాత మోటెళ్ల, అంటే రోడ్డు పక్క లాడ్జీల, నియాన్ దీపాలున్నాయి. కొన్ని మోటెళ్లు అపార్ట్‌మెంట్లు అయ్యాయి. ఊరికి తూర్పున సన్‌డౌనర్ అనే మోటెల్ అలాంటిదే. బిల్ గేట్స్, పాల్ అలెన్ మొదట్లో అందులో ఉన్నారని ఇక్కడ చెప్పుకుంటారు. 1975లో మైక్రోసాఫ్ట్ పుట్టింది ఈ ఊళ్లోనే. ఇప్పుడు దాన్ని నడిపేది మన హైదరాబాదు సత్య నాదెళ్ల. ఈ ముక్క చెబితే మా ఆవిడ "ఆ మోటెల్ వాళ్లకి అప్పుడు తెలిసుంటే అద్దె బదులు వాటా అడిగేవాళ్లు" అంది.

బస్సు మీద నా పెద్ద ఫిర్యాదు ఇప్పుడు. ఊరి పొడవునా పాత హైవే పట్టుకుని పోతున్న ఈ బస్సు, అసలు చూడాల్సిన డౌన్‌టౌన్ రాగానే సెంట్రల్‌ని వదిలేసి పక్కనున్న కాపర్, గోల్డ్ అనే వీధుల్లోకి తిరుగుతుంది. రూట్ వేసినవాళ్ల కారణం నాకు అర్థమవుతుంది. డౌన్‌టౌన్‌లో సెంట్రల్ ఇరుకు, అంత పొడుగు బండి పట్టదు. కానీ కిటికీలోంచి రూట్ 66 చూద్దామని వచ్చినవాడికి సినిమాలో క్లైమాక్స్ దగ్గర కరెంటు పోయినట్టే. కాబట్టి నా సలహా, రైలు పట్టాల కింద నుంచి బస్సు దూరి ఇవతలికి రాగానే దిగిపోండి. అక్కడి నుంచి నడక.

నడిస్తే పది నిమిషాల దూరమే, మాకు రెండు గంటలు పట్టింది. అందులో అరగంట ఒక మూల మీద నిలబడ్డాం. నాలుగో వీధి, సెంట్రల్ కలిసే చోటు అది. చూడటానికి మామూలు నాలుగు రోడ్ల కూడలి, సిగ్నల్, పావురాలు. కానీ రూట్ 66 తనని తాను దాటేది ఇక్కడే. 1926లో ఈ హైవే పుట్టినప్పుడు రాష్ట్ర రాజధాని శాంటా ఫే మీదుగా వచ్చి, ఉత్తరం నుంచి దక్షిణానికి నాలుగో వీధి పట్టుకుని పోయేది. అదే ఏడాది ఎన్నికల్లో ఓడిపోయిన ఈ రాష్ట్ర గవర్నర్ హానెట్‌కి శాంటా ఫే రాజకీయాల మీద ఒళ్లు మండింది. కుర్చీ దిగేలోగా ఆ ఊరిని తప్పించి సూటిగా రోడ్డు వేయించాలని చలికాలంలో మనుషుల్ని పెట్టి పని చేయించాడు. 1937 నాటికి 66 నంబరు కూడా సూటి దారికే వచ్చేసింది. అంటే తూర్పు నుంచి పడమరకి, సెంట్రల్ మీదుగా. బైపాస్ ఎటు వెయ్యాలో ఇంజనీర్ల కన్నా ముందు ఎవరు తేలుస్తారో మనకి కొత్తగా చెప్పాలా? నేను రెండు దిక్కులకీ తిరిగి ఫొటోలు తీసుకుంటుంటే, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన "ఏం పోగొట్టుకున్నారు?" అని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. డెబ్బై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడట, ఈ మూల సంగతి ఆయనకి తెలియదు.

దగ్గర్లోనే కీమో థియేటర్. 1927లో కట్టారు. మట్టి ఇళ్ల వాటం, అమెరికన్ ఇండియన్ల బొమ్మలు, ఆ రోజుల్లో ఫ్యాషనైన ఆర్ట్ డెకో, మూడూ కలిపేశారు. పేరు పెట్టినవాళ్లకి యాభై డాలర్ల బహుమతి అంటే, ఇస్లేటా ప్యూబ్లో అనే అమెరికన్ ఇండియన్ల ఊరికి చెందిన పాబ్లో అబేటా గెలుచుకున్నాడు. కొండసింహం అని అర్థం చెబుతారు. దీపాలు అడవిదున్న పుర్రెల ఆకారంలో ఉంటాయి, కళ్లలోంచి వెలుగొస్తుంది. మా ఆవిడ వాటిని చూసి రెండడుగులు వెనక్కేసింది. తర్వాత అలంకారాల్లో స్వస్తిక్ కనపడింది. "ఇదేంటండీ, మన గడప ముగ్గు!" అంది. నవాహో తెగ ఇండియన్ల దగ్గర అది ప్రాణానికీ సంతోషానికీ గుర్తట. మన గడపకీ వాళ్ల గోడకీ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒకే గుర్తు. ఆమె దాన్ని చున్నీ కొంగుతో తుడవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

డౌన్‌టౌన్‌లో మాకు ఎదురైన ఇబ్బంది ఒకటే, బాత్‌రూమ్. పేరు చెప్పను గానీ ఒక కాఫీ షాపులో కాఫీ కొంటేనే రసీదు మీద తలుపు నంబరు ఇస్తారు. కొన్నాం. ఆ నంబరు పని చెయ్యలేదు. మళ్లీ క్యూలో నిలబడితే నిన్నటి నంబరు ప్రింటయిందన్నారు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఇంటి దగ్గరే ఈ పని చూసుకుని బయల్దేరండి. పక్కనే ఇంకో షాపులో రూట్ 66 అని రాసిన ఫ్రిజ్ మాగ్నెట్ తిప్పి చూస్తే చైనా. పెట్టేశాను.

తిండికి తిరుగు బస్సెక్కి యూనివర్సిటీ దగ్గర దిగితే ఎదురుగా ఫ్రాంటియర్ రెస్టారెంట్. 1971 నుంచి ఉంది. క్యూలో నిలబడి కౌంటర్ మీద లైటు వెలిగితే వెళ్లి చెప్పాలి, మన టోకెన్ టిఫిన్ సెంటర్ లాగే. ఇక్కడ ఏ హోటల్‌కి వెళ్లినా ముందు ఒకటే ప్రశ్న, రెడ్డా గ్రీనా అని. మిరపకాయ సంగతి అడుగుతారన్నమాట. ఈ రాష్ట్రానికి ఇది అధికారిక ప్రశ్న అట, శాసనసభలో తీర్మానం చేసి మరీ పెట్టుకున్నారు. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. నాది గుంటూరు. మిర్చి యార్డు పక్కన పెరిగినవాణ్ని, తేజ రకం కాయని పచ్చిగా కొరికిన రోజులున్నాయి. "జాగ్రత్త, కారం" అని అమ్మాయి చెబితే నవ్వొచ్చింది. గ్రీన్ చిలీ చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. కారం మా పెరుగు మిరపకాయ కన్నా తక్కువ. కానీ కాల్చిన పొగ వాసన ఉందే, అది మన దగ్గర లేదు. కుంపటి మీద వంకాయ కాల్చినప్పుడు వచ్చే వాసన మిరపకాయలో ఉంటే ఎలా ఉంటుందో అలా. ఈ సీజన్‌లో షాపుల ముందు పెద్ద జల్లెడ పీపాల్లో మంట పెట్టి మిరపకాయల్ని తిప్పుతూ కాలుస్తారు, వీధి మొత్తం ఆ వాసనే. బీన్స్ బరిటోలో, అంటే బీన్స్ పెట్టిన చపాతీ చుట్టలో, అది కలుపుకుని మళ్లీ అడిగి తెచ్చుకున్నాను. స్వీట్ రోల్ అని ఒకటుంది, దాల్చినచెక్క, వెన్న. మా ఆవిడ మాటల్లో "తాపేశ్వరం మడత కాజాకి పాకం బదులు వెన్న పోసి, అరచేతంత చేసినట్టు". సగం పార్సిల్ చేయించింది. ఇంటికి చేరేలోపు అదీ అయిపోయింది.

ఇంకో రోజు పడమర వైపు చివరిదాకా వెళ్లాం. ఓల్డ్ టౌన్, రియో గ్రాండే వంతెన, ఆ తర్వాత పాత టైర్ల షాపులూ కార్ల వేలం యార్డులూ. చూడటానికి అంతగా ఏమీ లేదు. రాత్రిపూట తూర్పున నాబ్ హిల్ వైపు వెళ్లండి, నియాన్ దీపాలకి అదే బాగుంటుంది. రూట్ 66 పుట్టి 2026తో నూరేళ్లు.

అయిదుకి నాలుగు స్టార్లు. ఒకటి డౌన్‌టౌన్‌లో పక్కదారి పట్టినందుకు తగ్గించాను.

నిన్న సాయంత్రం అమ్మాయి కూడా మాతో ఎక్కింది. దిగేటప్పుడు డ్రైవర్‌తో "మా నాన్న ఇండియాలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు" అని చెప్పేసింది. మొదటి రోజు నాకు వేలు చూపించిన ఆవిడే. వెనక్కి తిరిగి నన్ను చూసి, ప్లాట్‌ఫారం వైపు కనుబొమలెగరేసింది. నేను వంగి చూశాను. ఈసారి ఒక వేలే.