ఫ్రాంకెన్‌స్టైన్ (1931): నోరులేని ప్రాణికి చేతులే భాష

హనుమకొండలో కొందరు సాహిత్యాభిమానులు ఒక కళాశాల హాలులో ఏర్పాటు చేసిన ప్రదర్శనలో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రాన్ని పెద్ద తెర మీద చూసే భాగ్యం కలిగింది. మేరీ షెల్లీ 1818లో వెలువరించిన నవల ఆధారంగా, యూనివర్సల్ సంస్థకు జేమ్స్ వేల్ 1931లో తీసిపెట్టిన ఈ నలుపు తెలుపు చిత్రం నిడివి సుమారు 70 నిమిషాలే.

నవల చదివినవారికి మొదట వెలితి తోస్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు శవాల భాగాలతో పుట్టించిన ప్రాణి నవలలో చాటున ఉండి మనుషుల భాష నేర్చుకుంటుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది, తనను పుట్టించినవాణ్ణి నిలదీస్తుంది. తెర మీద దానికి మూలుగులే మిగిలాయి. పైగా దానికి నేరస్థుడి మెదడు అమర్చారన్న కల్పన, లోకం ఛీకొట్టడం వల్లనే అది క్రూరంగా మారిందన్న షెల్లీ ఆలోచనకు గండి కొట్టింది.

ఆ గండిని పూడ్చినవాడు ప్రాణిగా నటించిన బోరిస్ కార్లాఫ్. పైకప్పు తెరవగానే మీద పడిన వెలుగు వైపు ఆ ప్రాణి మెల్లగా ముఖమెత్తి, రెండు చేతులూ చాచి, వెలుతురును అందుకోవాలని చూస్తుంది. పైకప్పు మూసేసరికి ఆ ఖాళీ చేతులతోనే తనను చేసినవాణ్ణి వేడుకుంటుంది. మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ తీర్చిన చదునైన తల, బరువెక్కిన కనురెప్పలు లోకమంతా ఎరిగినవే అయినా, ఆ చేతుల అభినయం ముందు అవి నాకు చిన్నవిగానే కనిపించాయి. కొలను గట్టున పసిపిల్ల మరియాతో కలిసి పూలు నీటిలో వేసి, పూలు అయిపోయాక ఆమె కూడా తేలుతుందనుకుని విసిరేసే దృశ్యానికి అప్పట్లో కత్తెర పడింది. ప్రాణి చేతులు చాచేచోటే దృశ్యం తెగిపోవడంతో, అమాయకపు పొరపాటు కాస్తా ఘోరమైన ఉద్దేశంలా కనిపించేది. 1980లలో ఆ భాగాన్ని తిరిగి చేర్చారు.

కాగడాలతో ఊరంతా వెంటాడే ఘట్టం మన ప్రాంతపు ప్రేక్షకులకు మరింత గట్టిగా తగులుతుంది. బాణామతి చేశారని, మంత్రాలు వేశారని అనుమానించి మనుషుల ప్రాణాలు తీసిన వార్తలను ఉత్తర తెలంగాణలో చదువుతూ పెరిగిన మాకు, ఆ గుంపు ముఖాలు పరాయివిగా తోచలేదు.

అయితే గుంపు తరమగా ప్రాణి చిక్కుకున్న గాలిమర మంటల్లో కూలిన వెంటనే పెళ్లింటి సందడికి మళ్లి, నవలలో మరణించే ఫ్రాంకెన్‌స్టైన్‌ను ఇక్కడ బతికించి, అతని తండ్రి చేత శుభాకాంక్షలు చెప్పించిన చివరి సన్నివేశం పూర్తిగా అనవసరం. గాలిమర దగ్గరే చిత్రాన్ని ముగించి ఉండవలసింది.