జాగ్రత్త: ద నేషనల్ రికార్డు కొనేముందు లేబులు పక్కన ఏముందో అడగండి

అమెరికన్ రాక్ బృందం ‘ద నేషనల్’ ఆల్బమ్ ‘ఫస్ట్ టూ పేజెస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ ఎల్పీ రికార్డును (ముల్లు పెట్టి వినే ప్లేటు) ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటున్నవాళ్లు ఆర్డరు పెట్టేముందు దయచేసి ఇది చదవండి. నేను 3,450 రూపాయలు పెట్టి తెప్పించుకున్నది నకిలీ రికార్డు. ఆ సంగతి గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టింది. శ్రోతల అభిప్రాయాలు చదివి కొన్నాను, వాటివల్లే ఇన్నాళ్లు మోసపోయాను. ఆ అభిప్రాయాలు రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు పాటల గురించి రాశారు, నేను ప్లేటు గురించి అనుకున్నాను.

ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆల్బమ్ గురించి చెప్పాలి. సిన్సినాటి నుంచి వచ్చిన ఈ బృందం 1999 నుంచి పాడుతోంది. గాయకుడు మ్యాట్ బెర్నింగర్‌ది మంద్రస్థాయి గొంతు. ఈ ఆల్బమ్‌కు ముందు ఆయన చాలాకాలం దిగులులో పడి ఒక్క పాట కూడా రాయలేకపోయారు. ఆ రోజుల్లో మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదటి పేజీలు తిరగేస్తుంటే కలం మళ్లీ కదిలిందట, ఆల్బమ్ పేరు అలా వచ్చిందే. 2023 ఏప్రిల్ 28న విడుదలైనప్పుడు విన్నవాళ్లు రెండుగా చీలిపోయారు. నడిరాత్రి ఒంటరిగా వినదగ్గ పాటలని కొందరు గుండెకు హత్తుకున్నారు. అన్నీ ఒకే నడకలో సాగుతున్నాయని, బ్రయన్ డెవెండార్ఫ్ డ్రమ్ములు అసలు వినిపించడం లేదని మరికొందరు నొచ్చుకున్నారు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. 2007 నాటి ‘బాక్సర్’లో పాటను ముందుకు తోసింది ఆ డ్రమ్ములే. ఇందులో చాలాచోట్ల యంత్రపు తాళమే నడిపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో చెప్పాపెట్టకుండా వచ్చిన ‘లాఫ్ ట్రాక్’లో ఆ లోటు తీర్చారు. అయినా నాకు మొదటిదే ఇష్టం. విడిపోతున్న జంట ఇంట్లో సామాను ఒక్కొక్కటే ఎవరికి చెందాలో తేల్చుకునే ‘యూకలిప్టస్’ పాట ఒక్కటి చాలు, నేను ఈ రికార్డు కొనడానికి.

ఇక అమ్మకం పేజీ. కింద వందల కొద్దీ అభిప్రాయాలు, నిండుగా నక్షత్రాలు. జాగ్రత్తగా చూస్తే సీడీ కొన్నవాళ్లవీ, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లవీ, రికార్డు కొన్నవాళ్లవీ ఒకే కుప్పగా పోసి ఉన్నాయి. గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుందని, మబ్బు కమ్మినట్టుందని కొందరు రాశారు. ఆల్బమ్ స్వభావమే అది కదా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కొన్నైనా నాలాగే నకిలీ ప్లేటు అందుకున్నవాళ్ల మాటలేమో అనిపిస్తోంది. హుషారైన ఆల్బమ్ అయితే చెడ్డ ముద్రణ మొదటి పాటలోనే దొరికిపోతుంది. దిగులు పాటలకు ఆ రక్షణ లేదు. ధ్వని మూసుకుపోయినా అదంతా వాళ్ల శైలి అని మనమే సర్దిచెప్పుకుంటాం.

పట్టుకున్నది మా తమ్ముడు. మొదటి పాట ‘వన్స్ అపాన్ ఎ పూల్‌సైడ్’ దాదాపు పియానో మీదే నడుస్తుంది. అది విని వాడు, ‘అక్కా, ఈ పియానో ఊగుతోంది. ఆగి ఆగి శ్రుతి జారుతోంది’ అన్నాడు. ఇద్దరం ప్లేయరు మీదికి వంగి చూశాం. ముల్లు పట్టుకున్న చేయి నిలకడగా లోపలికి జరగాలి. అది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగుతోంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. శ్రుతి జారుతున్నది సరిగ్గా ఆ లెక్కలోనే. మధ్య రంధ్రం సరిగ్గా ప్లేటు నడిమధ్యన లేదన్నమాట. గిటారులో దీన్ని చెవి క్షమిస్తుంది, పియానోలో క్షమించదు. అదే పాటను ఫోనులో పెట్టి అవే స్పీకర్లలో విన్నాం. పియానో స్థిరంగా నిలబడింది. గొంతు పక్కన నేను ఈ రెండు నెలల్లో ఎన్నడూ వినని సన్నని ఊపిరి చప్పుడు వినిపించింది. నా రికార్డులో ఆ చోట పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలే ఉన్నాయి. చాలా బాధేసింది.

రంధ్రం కాస్త పక్కకు పోవడం అసలు రికార్డుల్లోనూ అప్పుడప్పుడూ జరుగుతుంది. అదొక్కటే చూసి నకిలీ అని తేల్చకండి. అసలు గుర్తు వేరేచోట ఉంది. చివరి పాట అయ్యాక లేబులు చుట్టూ పాటలేని నున్నని పట్టీ ఒకటి మిగులుతుంది. దాని మీద ముద్రణ అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే చదవొచ్చు. రికార్డుల వివరాలు ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైటులో చాలా ముద్రణలకు ఆ అంకెలు నమోదై ఉంటాయి. నా ప్లేటు మీద గోరుతో గీకినట్టున్న నాలుగు అంకెలు తప్ప ఏమీ లేవు. అక్కడున్న ఏ ముద్రణతోనూ అవి కలవలేదు. తర్వాత అట్ట పరీక్షగా చూస్తే వెనకవైపు చిన్న అక్షరాలు అలికినట్టు ఉన్నాయి. ఏదో అసలు అట్టను స్కాన్ చేసి అచ్చేసినట్టున్నారు.

అమ్మినవారికి ఫొటోలు, వీడియో పంపాను. ‘ఈ ఆల్బమ్ ధ్వనే అంత మేడమ్, అభిప్రాయాలు చదవలేదా’ అని జవాబు వచ్చింది. నా సామాను చెడిందని చెబితే నా అభిరుచిని తప్పుపట్టారు. పైగా సీలు తీశారు కనుక వాపసు లేదన్నారు. ఆ మాట నమ్మకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం లోపమున్న సరుకును, నకిలీని, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్ని వాపసు తీసుకోబోమనే హక్కు అమ్మకందారుకు లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. పంతొమ్మిది రోజులకు డబ్బు తిరిగి వచ్చింది, రవాణా ఖర్చు మినహాయించి.

కొనేవాళ్లు డబ్బు కట్టకముందే ఆ నున్నని పట్టీ ఫొటో అడగండి. సీలు విప్పని సరుకైతే ఫొటో కుదరదు, అప్పుడు ఏ దేశపు ముద్రణో, బార్‌కోడ్ ఎంతో రాతపూర్వకంగా చెప్పమనండి. డొంకతిరుగుడు జవాబు వస్తే అక్కడితో వదిలేయండి. పార్సిలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. నా దగ్గర అది లేకపోవడంవల్లే ఫిర్యాదు అన్ని రోజులు సాగింది. అభిప్రాయాలు చదివేటప్పుడు గీతలు, చిటపటలు, అట్ట, రంధ్రం గురించి రాసినవాటినే లెక్కలోకి తీసుకోండి. పాట బాగుందో లేదో ఫోనులో ముందే వినొచ్చు.

ఆ పేజీ నిన్న రాత్రి కూడా తెరిచి చూశాను, అమ్మకం సాగుతూనే ఉంది. ఈమధ్య ఈ రికార్డు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాపసు గడువు దాటకముందే దాన్ని ఒకసారి దీపం కింద పట్టి చూడండి.